నాలుగో వాల్వు

అది మార్చి పద్నాలుగు. ఆ పొద్దున ఇంటిల్లిపాదీ రొట్టె, ఉడికించిన గుడ్లు తిని బయలుదేరారు. కోడలు మాత్రం ఒక్క అరటిపండుతో సరిపెట్టుకుంది. ఊపిరికి చోటుండాలట.

పోటీ మైదానం గేటు దగ్గరే, కోడలు భుజాన వేసుకున్న ట్యూబా అనే భారీ ఇత్తడి బూరా గురించి గొడవ మొదలైంది.

“ఆ గంగాళం దించమ్మా,” అన్నారు బ్యాండు మేస్టారు. ఇంట్లో ఆయన ఆమెకు మామగారు. “నడుస్తూ వాయించేవాళ్లకి మూడు వాల్వుల ట్యూబా చాలు. నాలుగుంటే బరువు. సగం దారిలో కూలబడతావు.”

“చివర్లో ఆ కింది స్వరం మూడింటికీ అందదు కదా మామయ్యా.”

“అందకపోతే పై స్థాయిలో వాయించు. అందరూ చేసేది అదే.”

“అందరూ చేసేదే చేస్తే మనకెందుకిస్తారు కప్పు?”

పక్కనే డ్రమ్ము పట్టీ బిగించుకుంటున్న మరిది పకపకా నవ్వాడు. బ్యాండులో వాయిద్యాల మరమ్మతు కూడా అతనిదే. అరువు తెచ్చిన ఆ నాలుగు వాల్వుల ట్యూబాను ముందురోజు విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించింది అతనే.

“వాయించనివ్వండి నాన్నా. నాలుగో మీట నొక్కితే వాల్వు తిరిగి, గాలి ఇంకో బారెడు గొట్టం చుట్టొస్తుంది. స్వరం దానంతటదే కిందికి దిగుతుంది. మేక ఊదినా పలుకుతుంది.”

“అయితే నువ్వే ఊదు మరిదీ,” అంది వదిన.

మేస్టారు నవ్వలేదు. “సరే. ఆ స్వరం తప్పిందో, రేపట్నుంచి నీ చేతికి కంచు తాళాలే. మళ్లీ ట్యూబా ఊసెత్తకూడదు.”

ఆమె తలూపింది. ఇన్నాళ్లూ పాత ట్యూబా మీద ఆ స్వరాన్ని ఒట్టి పెదవులతోనే కిందికి లాగాలని మూతి వాచేలా ఊదింది. గురక తప్ప మరేదీ వచ్చేది కాదు. ఈ పూట ఆ బెంగ లేదు. వరుసలో నిలబడ్డాక ఊది చూడకూడదని నిబంధన. చిటికెన వేలితో నాలుగో మీటను ఒకసారి తడిమి, నడక మొదలుపెట్టింది.

ఎదురెండ. పట్టీ భుజాన్ని కోస్తోంది. ముందు నడుస్తున్న ట్రంపెట్ మనిషి తాడిచెట్టంత పొడుగు కాబట్టి, అతని నీడ ఆమె మొహం మీదే పడుతోంది. అదే చాలనుకుంది.

చివరి మలుపు వచ్చింది. తక్కిన బ్యాండ్లన్నీ పై స్థాయిలో ముగించిన చోట ఆమె నాలుగో మీట నొక్కి, ఉన్న ఊపిరంతా ధారపోసింది. స్వరం దిగింది. నేలమాళిగ మెట్లు దిగుతున్నట్టు దిగి, అడుగున స్థిరంగా నిలబడింది. జనం కూర్చున్న చెక్క బల్లలు అదిరాయి. న్యాయనిర్ణేత ఒకాయన రాయడం మానేసి తలెత్తాడు. మేస్టారి చేతికర్ర గాల్లోనే ఆగిపోయింది.

కప్పు వాళ్లదే.

దారి పొడుగునా మరిది నోరు ఊరుకోలేదు. “దీని మీద నాలుగో వాల్వు పేరు చెక్కించాలి వదినా. నీది కాదు.”

“చెక్కించు. అది లేకపోతే నా తరమయ్యేదా?” అంది ఆమె, కప్పును పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని.

“నాదే తప్పమ్మా,” అన్నారు మామగారు. “మనమూ నాలుగు వాల్వులదే కొందాం.”

సాయంత్రం వాయిద్యాల గదిలో ట్యూబా తుడవడానికి ఆయనే కూర్చున్నారు. ముచ్చటపడి నాలుగో మీట నొక్కారు. మీట దిగింది, స్ప్రింగుతో తిరిగి లేచింది. వెనకనున్న వాల్వు మాత్రం కదల్లేదు. మళ్లీ నొక్కారు.

“ఒరేయ్, ఇలా రా!”

మరిది వచ్చి, వంగి చూశాడు. నూనె డబ్బా వెనక వెతికి చిన్న ఇనుప పుల్ల ఒకటి బయటికి తీశాడు.

“మీటని వాల్వుకి కలిపేది ఇదే నాన్నా. నిన్న బిగించడం మరిచిపోయాను.”

“అంటే, పొద్దున ఆ వాల్వు...”

“తిరగనే లేదు.”

పక్క గదిలో కోడలు ఏదో కూనిరాగం తీస్తోంది. మామగారు కాసేపు వింటూ కూర్చున్నారు. తర్వాత ట్యూబాను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, “రేపు దీన్ని తిరిగిచ్చేసి రారా, మనకి అక్కర్లేదు,” అని, గది తలుపు చప్పుడు కాకుండా మూశారు.