వరదలోకి దూకినవాడు

అనసూయమ్మ ఇంటి గుమ్మం పట్టుకుని నిలబడింది. నీళ్లు నడుము దాటాయి. భుజానికెత్తుకున్న మనవరాలు స్ఫూర్తి ఆమె మెడ చుట్టూ చేతులు బిగించి ఏడుస్తోంది. ఫిల్మ్‌నగర్ గుట్ట మీది నుంచి వరద ఆ సందులోకి విరుచుకుపడుతోంది. ఎదురు మెట్ల మీద నిలబడ్డవాళ్లలో ఒక్కరికీ దిగే ధైర్యం లేదు.

అప్పుడు తెల్లచొక్కా మనిషి ఒకడు, ఒళ్లంతా బురదతో, గుట్ట మీది నుంచి పరుగున వచ్చి నీళ్లలోకి దూకాడు. ముందు పిల్లను మెట్ల మీదివాళ్లకు అందించాడు. మళ్లీ వచ్చి, గోడలు పట్టుకుంటూ అనసూయమ్మను గట్టెక్కించాడు. ఆమె కళ్లు తుడుచుకుని చూసేసరికి మనిషి లేడు.

నిన్నటిదాకా ఆ సందులో నల్లాల్లో చుక్క నీళ్లు రాలేదు. గుట్ట మీద సినిమావాళ్లు వానలో ఫైటు తీయడానికి ట్యాంకర్లతో నీళ్లు తెప్పించుకున్నారు. అది తీస్తుండగానే అసలు వాన వచ్చిపడింది. ఈమధ్య వానలు ఇంతే. లేకపోతే లేనే లేవు, వస్తే ఇళ్లు ముంచేస్తున్నాయి. కెమెరాలు తడవకుండా కప్పే హడావుడిలో ఎవరు ఎటు వెళ్లారో ఎవరికీ తెలియదు.

వాన తగ్గగానే అనసూయమ్మ మనవరాలిని చంకనేసుకుని గుట్ట ఎక్కింది. షూటింగు షెడ్డులో రెండు తెల్లచొక్కాలు కనిపించాయి. అదే బట్ట, అదే మీసం, అదే బురద. ఒకరు హీరో శ్రీకృష్ణ, రెండోవాడు ఆయన బదులు దెబ్బలు తినే డూపు కమలాకర్. ఆమెకు పోల్చుకోవడం చేతకాలేదు. మేనేజరు మాత్రం సందేహించకుండా కమలాకర్‌ను చూపించాడు. దూకే పని ఎప్పుడైనా అతనిదే కదా.

అనసూయమ్మ అతని చేతులు పట్టుకుంది.

"నిన్న బిందె నీళ్లకు కొట్లాడుకున్నం బిడ్డా. ఇయ్యాల ఆ నీళ్లే మమ్ముల మింగవట్టె. నువ్వు రాకుంటే ఈ పోరి నాకు దక్కకపోతుండె. నీ కడుపు సల్లగుండ."

కమలాకర్ ఏదో చెప్పబోయాడు. శ్రీకృష్ణ కుర్చీలోంచే, "అతనికి మొహమాటం ఎక్కువమ్మా. దీవించండి" అన్నాడు.

యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. టీవీవాళ్లు వచ్చి కమలాకర్‌ను చుట్టుముట్టారు. యూసుఫ్‌గూడ నుంచి అతని భార్య సత్యలక్ష్మి టీవీలో చూసి ఫోన్ చేసి, సంతోషంతో ఏడ్చేసింది. దుప్పటి కప్పుకుని టీ తాగుతున్న హీరోను చూసి, అనసూయమ్మ వెంట వచ్చిన బస్తీవాళ్లు, తెర మీద ఈదడం వేరు, వరదలో దిగడం వేరని గొణుక్కున్నారు. ఆయన విననట్టే ఇంకో గుక్క తాగాడు.

అందరూ వెళ్లాక కమలాకర్ వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. కళ్లు నిండి ఉన్నాయి.

"ఎందుకండీ ఇలా చేశారు?"

"ఇన్నేళ్లూ నువ్వు దూకావు, చప్పట్లు నేను తీసుకున్నాను. ఇవాళ ఒక్కసారి నేను దూకాను, నువ్వు తీసుకోవయ్యా."