రత్నమాణిక్యం విమానాల మోజు

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో రత్నమాణిక్యం తనను ఫలానా చోటికి తీసుకువెళ్ళమని భర్తను అడిగి ఎరగదు. అడగక అడగక అడిగింది, బెంగళూరు శివార్లలో యలహంక దగ్గర రెండేళ్ళకొకసారి జరిగే విమానాల పండగకి.

భీమరాజు పరాచికమనుకున్నాడు. భీమవరం పక్కన రొయ్యల చెరువుల మధ్య వాళ్ళ ఇల్లు. ఎప్పుడైనా పైన విమానం మోత వినబడితే పిల్లలు వాకిట్లోకి పరుగెత్తేవారు గాని, ఆమె వంటింటి గడప దాటి చూసిన గుర్తు ఆయనకు లేదు.

"విమానాలా? నీకా?"

"నాకేనండీ." పెరటి అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్న రత్నమాణిక్యం తలెత్తకుండానే అంది. "మా తమ్ముడి ఇల్లు ఆ మైదానానికి దగ్గరే కదా. అందరం వెళదాం."

"చెరువులు పట్టుబడికొచ్చే రోజులే. మళ్ళీ రెండేళ్ళకి చూద్దాంలే."

"ఇంకో రెండేళ్ళు ఆగే ఓపిక నాకు లేదండీ."

అది బెదిరింపు కాదు, అలకా కాదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. అందుకే భీమరాజు జంకాడు. ఈ ఒక్క కోరికా కాదంటే ఆమె మరొకటి కోరదనీ, తన మొహం తిన్నగా చూడదనీ ఆయనకెందుకో తోచింది. సరేనన్నాడు.

సరేనన్నాక తెలిసింది కష్టం. పగలంతా గట్ల మీద ఎండలో తిరిగి, కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు దగ్గరికి పరుగెత్తి, ఇంటికొచ్చి కాళ్ళు చాపేసరికి ప్రయాణం గొడవ సిద్ధంగా ఉండేది.

కొడుకు సూర్యతేజ ఫోను చూస్తూ చెప్పాడు. "నాన్నగారూ, మామూలు జనాన్ని రానిచ్చేది చివరి రెండు రోజులేనటండీ. ముందు మూడు రోజులూ కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ."

"మంచిదే. రెండు రోజులతో పోతుంది" అన్నాడు భీమరాజు, గుండెల మీద బరువు దిగినట్టు.

"కాదు, మొదటి రోజుకే అక్కడ ఉందాం" అంది రత్నమాణిక్యం వంటింట్లోంచి.

"ఉండి ఏం చేస్తావమ్మా? యుద్ధవిమానం బేరమాడతావా?"

"మామయ్య మేడ మీద కూర్చుంటాను."

"అయితే ఊరి మధ్యలో మంచి హోటల్ తీసుకుందాం. ఏసీ రూములు. కింద బిర్యానీ అదిరిపోతుందంట."

"హోటలొద్దు" అంది ఆమె, చప్పున. అంత చప్పున మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. తరవాత మెల్లిగా సర్దుకుంది. "తమ్ముడుండగా హోటలేంట్రా? వాడు నొచ్చుకుంటాడు."

భీమరాజు తల్లి బంగారమ్మకి మరో అభ్యంతరం. "గురువారం దక్షిణం దిక్కుకి బయల్దేరకూడదు నాయనా. శూల."

రైలు బెంగళూరు చేరేలోపు ఎన్ని దిక్కులకి తిరుగుతుందో తల్లికి వివరించే ఓపిక భీమరాజుకి లేకపోయింది. ఆ అవసరమూ రాలేదు.

"అలాగైతే బుధవారమే బయల్దేరదామండీ అత్తయ్యగారూ" అంది రత్నమాణిక్యం. "తిరిగి రావడానికి కూడా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ చూసుకుందాం. మీకు నచ్చిన రోజే బయల్దేరదాం."

అడ్డు చెప్పిన ప్రతి ఒక్కరూ ప్రయాణానికో రోజు కలిపి పోతున్నారు. రెండు రోజులనుకున్నది పదయింది. రైలు టిక్కెట్లు రెండుసార్లు మార్చారు. చెరువుల పెత్తనం తన తమ్ముడికి ఒప్పజెప్పడానికి భీమరాజు మధ్యవర్తుల్ని పెట్టుకోవలసి వచ్చింది.

"కోరడం తేలికే మాణిక్యం, అమర్చిపెట్టేవాడి ఒళ్ళు హూనమవుతుంది" అన్నాడొకరోజు కుర్చీలో వెనక్కి వాలి.

కత్తిపీట ముందు కూర్చుని కొరమీనుకి ఉప్పు పట్టించి రుద్దుతున్న రత్నమాణిక్యం ఆయన వైపొకసారి చూసింది. ఇంకో గుప్పెడు ఉప్పు తీసుకుంది.

"అన్నట్టు మధ్యాహ్నం రొయ్యల మేత కంపెనీ వాళ్ళు నలుగురు భోజనానికొస్తున్నారు. పీతలు కూడా పంపిస్తున్నాను" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

బయల్దేరే ముందు రోజు ఆమె పెట్టెలు సర్దుతోంది. నాలుగు చీరలు మడత పెట్టడానికి అంత శ్రద్ధ ఎందుకో, ఆ పెదవుల మీద ఆ కాస్త నవ్వెందుకో భీమరాజుకి అర్థం కాలేదు. యాభై దాటిన మనిషికి ఆకాశం మీద ఇంత మోజా అనుకున్నాడు. జాలేసింది. ఇంతకాలం తనకు తెలియనందుకు సిగ్గు కూడా వేసింది.

వరండాలోకి వచ్చి బావమరిదికి ఫోను చేశాడు.

"బంగార్రాజూ, రేపు బయల్దేరుతున్నాం. ఐసు పెట్టెలో మంచి టైగరు రొయ్యలు తెస్తున్నాను. పీతలు కూడా పెట్టించమంటావా?"

"అయ్యో, అసలు తేకండి బావగారూ. ఈ విమానాల పండగ రోజుల్లో మా చుట్టుపక్కల మాంసం, చేపల కొట్లన్నీ మూయించేస్తారండీ. హోటళ్ళలోనూ పెట్టనివ్వరు. పారేసిన ముక్కల కోసం గద్దలు దిగుతాయి, పైన విమానాలకి తగులుతాయని భయం. మా అపార్టుమెంటులో అయితే ఇళ్ళలో కూడా వండొద్దన్నారు. పదిరోజులూ పప్పూ చారేనండి."

పదిరోజులూ చేపముక్క లేకుండానా అనుకున్నాడు భీమరాజు. కాని తలుపు సందులోంచి ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషి కనిపించింది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఈ సంగతి మీ అక్క చెవిన వెయ్యకు. మా తిండికి ఇబ్బందని ప్రయాణం మానేసినా మానేస్తుంది. పాపం, ఆ విమానాల మీదే ప్రాణాలు పెట్టుకుంది."

అవతల బంగార్రాజు కాస్త తడబడ్డాడు.

"అక్కకా? దసరాకి ఫోన్ చేసినప్పుడు తను విమానాల ఊసే ఎత్తలేదండీ బావగారూ, ఆ కొట్లు ఏ రోజు మూస్తారు, మళ్ళీ ఏ రోజు తెరుస్తారు అన్నదొక్కటే అడిగింది."