ఏరియల్‌కు కొట్టిన కొబ్బరికాయ

“బల్బు వెలిగింది,” అన్నాడు లక్ష్మీరాజం. వైర్‌లెస్ బాగుచేయడానికి కరీంనగర్ నుంచి వచ్చిన మెకానిక్ అతను. ఠాణా జీపులోని సెట్టుకు ఏరియల్ తీగ పీకి, దాని చోట చిన్న బల్బు పెట్టాడు. సెట్టు నడిపే అంజన్న మైకు మీట నొక్కి మాట్లాడగానే అది ఠక్కున వెలిగింది. “అంటే సెట్టు మంచిగున్నది. మీట నొక్కితే మాట ఈడికెల్లి బయటికి పోతున్నది.”

ఠాణా ఎస్సై అమీన్‌సాబ్ మాత్రం, కూలికి పెట్టుకున్న డ్రైవర్ మొండయ్య మీంచి చూపు తిప్పలేదు. ఇచ్చోడ అవతల అడవిలో దొంగ టేకు లారీ ఎదురైన ప్రతిసారీ ఇదే తంతు. ముందు లారీలను ఆపి చూసే నాకాకు కబురు చెప్పమంటే అంజన్న గొంతు పోయేలా పిలిచేవాడు. అవతలివాళ్ల మాటలు జీపులో వినపడేవి, జీపులోని మాట వాళ్లకు చేరేది కాదు. లారీ దర్జాగా దాటిపోయేది. జీపులో ఉండేది ముగ్గురే. మరి చెడగొట్టేదెవరు? బ్యాటరీ, తీగలు చూసుకునేది మొండయ్య. పైగా అతని బావమరిది బండి టేకు డిపోకే తిరుగుతుంది. నిప్పు లేనిదే పొగ రాదని అమీన్‌సాబ్ నమ్మకం.

అంజన్న వచ్చి మొండయ్య పక్కన నిలబడ్డాడు. ఒకే కంచంలో తిన్న స్నేహం వాళ్లది. మొండయ్య నౌకరీ ఊడితే, నెలలు నిండిన అతని భార్య యాదవ్వ గతేం కాను?

“జర ఆగుండ్రి సాబ్. మిషన్ అన్నంక ఖరాబైతది. మనిషిని అనుమానిస్తే ఎట్ల?” అని అడ్డుపడ్డాడు.

మెకానిక్ బ్యాటరీ చూశాడు, తీగలు చూశాడు. ఏ లోపమూ లేదు. చివరికి ఏరియల్ కడ్డీ మొదలు విప్పితే లోపల పచ్చటి చిలుము, దాని మీద పసుపూ కుంకుమా. జీపు గుంతల్లో కుదిపినప్పుడు ఇక్కడ అతుకు వదిలేసి ఉండొచ్చు అన్నాడు, అంత గట్టిగా మాత్రం అనలేదు.

అమీన్‌సాబ్‌కు అదే చాలు. ఇదెవరి పనని అడిగాడు.

“నేనే సాబ్,” అన్నాడు మొండయ్య. “దసరకు బండికి పూజ చేసిన. మాట పోయేది గా కడ్డీలకెల్లే గదా, మంచిగ పోవాల్నని కొబ్బరికాయ ఆడ్నే కొట్టిన.”

లోకమంతా చక్రం ముందు కొడితే వీడొక్కడికే ఏరియల్ దొరికిందా అని అమీన్‌సాబ్ మండిపడ్డాడు. మొండయ్య గబగబా కడ్డీ తుడవబోతే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడని ఎద్దేవా చేశాడు. భక్తి పేరు చెప్పి కావాలనే నీళ్లు పోశాడని తేల్చేశాడు. అంజన్న ఎంత బతిమాలినా వినలేదు. అక్కడికక్కడే మొండయ్యను నౌకరీ నుంచి తీసేశాడు.

బస్సు దాకా అంజన్నే మూట మోశాడు. మొండయ్య కళ్లు తుడుచుకుంటూ అతని చెయ్యి పట్టుకున్నాడు.

“నా దిక్కు మాట్లాడింది నువ్వొక్కనివే అన్నా. దేవునికి మొక్కితే గిట్లయితదనుకోలే. నీ కొత్తింట్ల పాలు పొంగిచ్చే దినం కబురు చెయ్యి, యాదవ్వను తోల్కొస్త.”

తప్పకుండా రావాలన్నాడు అంజన్న. బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. దుఃఖం ఆగక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

టేకు లారీ కనపడ్డప్పుడల్లా అంజన్న మీట నొక్కకుండానే మాట్లాడేవాడు.