చీరల వెంకటరమణ

“వెళ్ళిపోండి. ఇది చీరలమ్ముకునే వేళ కాదు,” అంది మంజుష.

గేటు దగ్గర నిలబడిన ముసలాయన చంకలో మడతపెట్టిన చీర ఒకటి ఉంది.

లోపల హాల్లో మామ్మ సూర్యకాంతమ్మని పడుకోబెట్టారు. తెల్లవారుజామున పోయింది.

“ఒక్కసారి చూసి వెళ్తానండి,” అన్నాడాయన.

మంజుషకి ఒళ్ళు మండిపోయింది. ఊరికే మండలేదు.

మామ్మది నిండు జీవితం. నలుగురు పిల్లల్ని కంది, మనవల్ని చేతుల మీద పెంచింది. చేపల చెరువులు కలిసొచ్చినప్పుడూ, నిలువునా ముంచినప్పుడూ ఇల్లు చీలకుండా కాసింది. మీసాలొచ్చిన కొడుకులు మాటలు మానేస్తే, ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టిన మనిషి.

చిన్నప్పట్నుంచీ మామ్మ పక్కలోనే మంజుష పడక. మామ్మకి తన దగ్గర దాపరికాల్లేవని ఆ పిల్లకి కొండంత గర్వం.

అలాంటిది భీమవరం ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో మామ్మ కొడుకుల్ని అడగలేదు, మంజుషని అడగలేదు. “వెంకటరమణ వచ్చాడా?” అని అడిగింది.

ఏళ్ళ తరబడి ఇంటికి చీరల మూట తెచ్చే మనిషి వెంకటరమణ. అత్తలు ముఖముఖాలు చూసుకున్నారు. మామ్మ చెయ్యి పట్టుకుని కూచున్న మంజుష మాత్రం నిలువునా మోసపోయాననుకుంది. ఇంతమంది కోసం బతికిన మనిషికి చివరికి చీరలవాడు కావలసినవాడయ్యాడు.

“పోనీ, ఈ చీర...” అంటూ ఆయన ఏదో చెప్పబోయాడు.

“మాకే చీరా వద్దండి. పుట్టింటి చీర కూడా మేమే తెచ్చి కప్పేశాం.”

పుట్టింటి చీర కప్పందే ఆడమనిషిని ఆఖరిసారి గుమ్మం దాటించరు. మామ్మ పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఆ మాట మామ్మే చెప్పేది. అందుకే మంజుష పొద్దున్నే బతిమాలి షాపు తెరిపించి, పట్టుచీర తెచ్చి, పుట్టింటివాళ్ళ పేరు చెప్పి తనే కప్పింది.

ముసలాయన చెప్పులు విప్పి, గేటు బయటినుంచే హాలు వైపు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మగవాళ్ళు మామ్మని తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు ఇల్లు కడుగుతుంటే పాలకొల్లు నుంచి చిన్నమామ్మ రామలక్ష్మి కారు దిగింది. మామ్మకి తోటికోడలు. కడచూపు దక్కలేదని కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మొదట అడిగిన మాట, “వెంకటరమణ వచ్చేడా?”

“వచ్చేడండి. చావింటికి కూడా చీర పట్టుకొచ్చేడు. పంపించేశాను.”

చిన్నమామ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

“ఎంత పని చేశావే. పుట్టింటి చీరే వెనక్కి పంపేశావు.”

మంజుష చేతిలో చీపురు ఆగింది.

చిన్నమామ్మ గొంతు తగ్గించి చెప్పింది. మామ్మకి ఒక తమ్ముడున్నాడు. నేతవాళ్ళ పిల్లని చేసుకున్నాడని అటు మామ్మ తండ్రీ, ఇటు మంజుష తాతగారూ ఆ పేరే ఎత్తొద్దన్నారు. మామ్మ ఎదురు చెప్పలేదు. పుట్టింట్లో ఎవరూ లేరనడం అలవాటు చేసుకుంది. అక్క పెళ్ళినాటికి వాడు లాగూలేసుకునే పిల్లాడు. పేరుకేం, ఊరికి పదిమంది వెంకటరమణలు; మీసాలతో ఈ గుమ్మం ఎక్కితే తాతగారు పోల్చుకోలేకపోయారు. ఇంట్లో సంగతి తెలిసింది తోటికోడలైన తనకొక్కదానికే.

“తాతగారు పోయాకైనా చెప్పొచ్చు కదండీ? కనీసం నాకు?”

“నీకసలు చెప్పకూడదనుకుంది. నీకప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఈ సంగతి బయటపడితే నీ పెళ్ళి ఆగిపోతుందని భయపడింది.”

మామ్మ తనని మోసం చేసింది. తన కోసమే చేసింది. మంజుషకి మొదటిదానికన్నా రెండోదే ఎక్కువ నొప్పిగా ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. ఈపాటికి శ్మశానంలో ఆ పట్టుచీర కూడా కాలిపోయి ఉంటుంది.

“పాపం, చీరలమ్ముకునే బతికేరా ఆయన?”

చిన్నమామ్మ తల అడ్డంగా ఊపింది.

“నరసాపురంలో లెక్కల మేస్టారే. అప్పట్లో మన ఘోషా ఇళ్ళల్లోకి చీరలవాడికి తప్ప పరాయి మగాడికి దారి లేదు. అందుకని సెలవు దొరికినప్పుడల్లా మూట భుజానేసుకొచ్చేవాడు. ఈ ఒక్క గుమ్మంలో తప్ప వాడు ఏ ఇంటా ఒక్క చీరైనా అమ్మలేదే.”