జీపులో సవతి

టాపు లేని జీపులోంచి స్టీరియో ఊడదీస్తున్నాడు మరిది. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అన్నయ్యే పోయాక నీ సవతి ఇంట్లో ఎందుకు వదినా? నీకెలాగూ దీన్ని చూస్తే గిట్టదు కదా."

"ఎలా గిట్టుతుంది? వానొస్తే చాలు, ఉన్న ఒక్క రెయిన్‌కోటూ దానికే కప్పేవారు మీ అన్నయ్య. తనూ తడిసేవారు, పక్కన కూర్చున్నందుకు నన్నూ తడిపేవారు."

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. మరిది వసారాలోకి పరుగెత్తాడు. వదిన మాత్రం కొక్కేనికున్న రెయిన్‌కోటు లాక్కుని జీపు దగ్గరికి పరుగెత్తింది. స్టీరియో మీద కప్పి, నీళ్లు దిగకుండా అంచులు రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

వాన పెద్దదైంది.

"వదినా, తడిసిపోతున్నావు. లోపలికి రా."

"తడవనీ," అంది. "దానికి మాత్రం ఇంకెవరున్నారు?"