యూరప్ ఫండుకు నూటికి నూరు

మేనేజరు కుర్చీలో కూర్చున్న పెద్దావిడను చూడగానే మణికుమార్ గుమ్మంలోనే చొక్కా సర్దుకున్నాడు. హైదరాబాదు నుంచి రావాల్సిన ఆఫీసరు ఈవిడే అయ్యుండాలి. గంగాప్రసాద్ తన కుర్చీలో ఇంకొకరిని కూర్చోనిచ్చే మేనేజరు కాదు.

"నమస్తే మేడమ్. ఫండు గురించి చెప్పడానికి వచ్చాను."

"ఆ యూరప్‌దేనా? కూర్చో బాబూ."

ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. బెంజి సర్కిల్ దగ్గరి ఆ చిన్న ఆఫీసులో, అమ్మకానికి పెట్టే ప్రతి ఫండునూ ముందు సరళమా, సంక్లిష్టమా అని తేల్చాలి. సరళమైతే ఎవరికైనా నేరుగా అమ్మొచ్చు. సంక్లిష్టమైతే, కొనేవాళ్ళకు అర్థమైందో లేదో పరీక్షించాకే అమ్మాలి. ఈ ఫండు సరళమని మణికుమార్ తేల్చాడు. ఆఫీసరు ఒప్పుకుంటేనే అతని ఉద్యోగం పర్మినెంటు.

"ఇది సస్టెయినబుల్ యూరోపియన్ ఈక్విటీ ఇండెక్స్‌ను ట్రాక్ చేసే ఓపెన్ ఎండెడ్..."

"ఆగాగు. తెలుగులో చెప్పు. నాకేమీ తెలీదనుకో."

ఇలాంటి మెలికలే పెడతారని సీనియర్లు ముందే చెప్పారు.

"యూరప్‌లో పెద్ద కంపెనీల జాబితా ఒకటుందండీ. అందులోంచి బొగ్గు, పొగాకు, ఆయుధాల వాళ్ళను తీసేస్తారు. మిగిలినవాటిలో తలా కాస్త వాటా కొంటారు. ఫండు నడిపేవాళ్ళు సొంత తెలివి వాడరు."

"తెలివి వాడనివాళ్ళ చేతికి డబ్బివ్వమంటావా?"

మణికుమార్ పోలిక కోసం వెతుక్కున్నాడు. "పెళ్ళి వంటాయన లాగండీ. చీటీలో రాసిచ్చిందే వండుతాడు. ప్రయోగాలు చెయ్యడు."

ఆవిడ నవ్వింది. "సరే. ఒంటరి మనిషి. ఉన్నట్టుండి ఆస్పత్రి ఖర్చొచ్చింది. అప్పుడు?"

"పనిరోజుల్లో ఎప్పుడైనా అమ్మెయ్యొచ్చండీ, ఆ రోజు ధరకి. డబ్బు చేతికి రావడానికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది."

"మునిగితే ఇంటి మీదికి వస్తారా?"

"రారండీ. పోతే పెట్టినదే పోతుంది, పైసా ఎక్కువ పోదు. అప్పు తెచ్చి ఆడే పందేలు ఇందులో లేవు."

"అంటే నష్టం రాదన్నమాట."

ఊఁ అని తలూపబోయి ఆగాడు.

"వస్తుందండీ. అక్కడి మార్కెట్ పడితే ఇదీ పడుతుంది. సరళమంటే భద్రమని కాదు. నష్టమొస్తే ఎందుకొచ్చిందో మనకు తెలుస్తుంది, అంతే."

ఆవిడ కిటికీలోంచి ఫ్లైఓవరు వైపు చూస్తూ, "ఎందుకొచ్చిందో తెలిస్తే అదే పదివేలు" అంది.

"అయితే సరళమేనంటారా మేడమ్?"

"నాకే అర్థమైందిగా బాబూ. నూటికి నూరు."

మణికుమార్ చేతులు జోడించి, గాల్లో తేలుతూ వెళ్ళి తలుపు తీశాడు. ఎదురుగా రెండు కాఫీ కప్పులతో గంగాప్రసాద్. మణికుమార్‌ను దాటుకుని హడావిడిగా లోపలికి నడుస్తూనే ఆవిడతో అన్నాడు.

"సారీ టీచరుగారూ, మీ పాత స్టూడెంట్ పరువు పోయింది. మీరు కొనాలనుకున్న ఫండు గురించి చెప్పాల్సిన కుర్రాడు ఇవాళ సెలవంట."