ఎండపూట వంక

వంకలోకి దిగబోతున్న లాంబ్రెట్టా హ్యాండిల్‌ను ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

జనార్ధన్ అదిరిపడి బ్రేకు వేశాడు.

వెనక కూర్చున్న ప్రభావతి ఒక చేత్తో భర్త భుజాన్ని, ఇంకో చేత్తో తన కడుపును పట్టుకుంది. ఐదో నెల. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నిలిచిన కడుపు.

ఎదురుగా మాసిన గడ్డం, చిరిగిన ఆకుపచ్చ తువ్వాలు.

“అల్లా... అల్లా...” అంటున్నాడు ఆ మనిషి, రొప్పుతూ. పళ్ళు లేని నోట్లో మాట ముద్దముద్దగా ఉంది.

“మాఫ్ కరో బాబా,” అన్నాడు జనార్ధన్. ఆదోనిలో తన దుకాణం ముందుకు వచ్చే ఫకీర్లందరికీ అతను చెప్పే మాట అదే.

ఆ మనిషి వదల్లేదు. వంక ఎగువకు చేయి చూపించాడు.

“ఏమంటాండాడు?” అంది ప్రభావతి.

“శ్రావణం కదా! ఉరుకుంద స్వామి గుడి దారి పొడుగునా ఈళ్ళే.”

“అది కాదండి, ఏమో చూపిస్తాండాడు. ఎగువన వాన పడిందేమో. రవ్వంతసేపు నిలబడదాం.”

శ్రావణంలో ఈ దిక్కు వాన, ఎద్దుకు ఒక కొమ్ము తడిపి ఇంకో కొమ్మును వదిలేసే రకం. బయలుదేరేటప్పుడు ఆదోనిలో చినుకులు. ఇక్కడ మాడు పగిలే ఎండ. వంకలో చుక్క నీళ్ళు లేవు. ఇసుక తెల్లగా మెరుస్తోంది.

“పొద్దున చినుకులని ఏడ్చినావు. ఇప్పుడు ఎండకు గూడా భయమేనా? పన్నెండుకు మంగళహారతి. ఐదో నెల రాంగానే వస్తామని మొక్కుకునింది నువ్వే. స్వామి పనికి పోతాంటే వంక వస్తాదా?”

ప్రభావతి కొంగు సర్దుకుని కూర్చుంది. స్వామి పని మీద పోయేవాళ్ళకు ఏమీ కాదని ఆమె కూడా చిన్నప్పటి నుంచి విన్నదే.

ఆ మనిషి స్కూటర్ ముందు అడ్డంగా పడుకున్నాడు.

జనార్ధన్‌కు కోపం నషాళానికి ఎక్కింది. దిగి, చెప్పు తీసి రెండు వేశాడు. కాలు పట్టి పక్కకు ఈడ్చాడు.

“ఇంగ చెప్పుకో పో, నీ అల్లాకు!”

వంక నడిమధ్య ఇసుకలో వెనక చక్రం కూరుకుపోయింది. ప్రభావతి దిగి నిలబడింది. జనార్ధన్ స్కూటర్‌ను నెట్టసాగాడు.

మొదట చల్లగాలి వచ్చింది.

తర్వాత నూరు ఎద్దులబండ్లు ఒకేసారి కదిలినట్టు చప్పుడు.

నిలువెత్తు మడ్డినీళ్ళు వంపు తిరిగి మీద పడ్డాయి. నెత్తిన ఎండ అట్లాగే కాస్తోంది.

తనను ఎవరో జుట్టు పట్టి గట్టుకు ఈడ్చుకుపోవడం జనార్ధన్‌కు తెలిసింది. కళ్ళు తెరిచేసరికి ఆ ఆకుపచ్చ తువ్వాలు మనిషి మళ్ళీ నీళ్ళలోకి దూకుతున్నాడు, ప్రభావతి చేయి కనబడిన చోటికి.

చేయి మునిగింది.

ఆ మనిషీ మునిగాడు.

ఇద్దరూ మళ్ళీ తేలలేదు.

దూరం నుంచి చూసి, గొర్రెలను వదిలేసి పరుగెత్తుకొచ్చిన మారెమ్మ గట్టు మీద కూలబడింది.

“వంక వస్తాదని సెప్పలేదా నీకు, ఆయప్ప?”

“అల్లా అల్లా అన్నాడమ్మా. అడుక్కుంటాండాడు అనుకొంటి.”

“అల్లా కాదు నాయనా, హళ్ళ. కన్నడం మనిషి. ఆళ్ళ మాటలో వంకను హళ్ళ అంటారు. నాలుగేండ్ల నుంచి ఆయప్ప నోట్లో ఉండేది ఆ మాట ఒగటే. వానకాలం వస్తే ఈ గట్టు ఇడిసి పోడు. ఇంత సంగటి నేనే తెచ్చి పెడతాంటి.”

జనార్ధన్ ఆమె వైపు తిరిగాడు.

“ఎవరమ్మా ఆయన?”

మారెమ్మ నీళ్ళ వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

“నాలుగేండ్ల కింద, ఇట్టనే ఎండ కాస్తాంటే, వంక వస్తాది వద్దప్పా అని అడ్డం నిలబడిన మా ఇంటాయన్ను చెర్నాకోలతో కొట్టి, పెండ్లాం పిల్లోల్లతో ఈడనే బండి దింపినోడు.”